పదేళ్ల తర్వాత తీసిన ప్రీక్వెల్ గ్రాఫిక్స్ పాత సినిమా కంటే డూప్లికేట్‌గా ఎందుకు కనిపిస్తాయి?

పాతరీలు:

అందరికీ నమస్తే. ఎప్పట్నుంచో బుర్రలో తిరుగుతున్న డౌటు ఇది, ఈమధ్య లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడూ వరసగా చూసేసి అదే ఊపులో హాబిట్ మూడూ కూడా పెట్టేశాక ఇంక అడక్కపోతే నిద్ర పట్టేలా లేదు.

మొదటివి 2001, 2002, 2003లో వచ్చాయి. హాబిట్ 2012 నుంచి 2014 దాకా. మధ్యలో దాదాపు పదేళ్లు గ్యాప్. అదే డైరెక్టర్ పీటర్ జాక్సన్, అదే గ్రాఫిక్స్ కంపెనీ వెటా, అదే న్యూజిలాండ్, పైగా టెక్నాలజీ ఎక్కడికో వెళ్లిపోయింది. మరి పాతదాంట్లో హెల్మ్స్ డీప్ కోట చూస్తే ఆ రాతిగోడ వానకి తడిసి బరువెక్కినట్టు ఉంటుంది, కొత్తదాంట్లో ఐదు సైన్యాలు కొట్టుకుంటున్నా నాకైతే ఎవరో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నట్టే ఉంది. లెగొలాస్ అని ఎల్ఫ్ విలుకాడు కూలిపోతున్న రాళ్ల మీద ఒక్కోటీ మెట్లెక్కినట్టు ఎక్కేస్తాడు చూడండి, ఆ షాట్ దగ్గర నేనూ తమ్ముడూ ఒకేసారి నవ్వాం, అది నవ్వాల్సిన సీను కాదు.

హాబిట్ ఒక్కటే కాదు, ప్రీక్వెల్ అనగానే చాలావాటికి ఇదే జబ్బు. కథేమో ముందు కాలానిది, గ్రాఫిక్సేమో తర్వాత కాలానివి, రెండూ అతకవు. ఇంతకీ తప్పు గ్రాఫిక్స్ వాళ్లదా, కథదా? తమ్ముడేమో కథ పట్టుకుంటే గ్రాఫిక్స్ ఎలా ఉన్నా కంటికి ఆనవు అంటాడు. నేను ఒప్పుకోను కానీ గట్టిగా వాదించడానికి నా దగ్గర పాయింట్లు లేవు. ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

మూడోకన్ను:

ముందు ఇది చెప్పు బ్రో, టీవీలో మోషన్ స్మూతింగ్ (లేని ఫ్రేములు టీవీయే మధ్యలో పుట్టించే సెట్టింగు) ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా? ఆన్‌లో ఉంటే ఎంత గొప్ప సినిమా అయినా డైలీ సీరియల్ లాగే కనపడుద్ది, పాపం జాక్సన్‌ని తిట్టి లాభం లేదు.

పాతరీలు:

ఆఫ్‌లోనే ఉంది బ్రో, టీవీ కొన్నరోజే తీసేశా. అయినా పాతవీ కొత్తవీ రెండూ అదే టీవీలో చూశా కదా, తేడా వస్తే రెండిటికీ రావాలిగా.

రోటో_కూలీ:

నేను కంపోజిటింగ్ చేస్తా, అంటే విడివిడిగా తీసిన బొమ్మల్ని ఒకే షాట్‌గా అతకడం, బయటి దేశాల సినిమాల పని మా దగ్గరికి వస్తుంది, పేర్లు అడక్కండి, ముందే సంతకాలు పెట్టించుకుంటారు. మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం వేరేవాళ్లు చెప్తారులే, నా సగం నేను చెప్తా. కొంచెం పొడుగవుతుంది.

మొదటిది సైజు గొడవ. మాంత్రికుడు గాండాల్ఫ్ పొడుగు, ఫ్రోడోలాంటి హాబిట్‌లు పొట్టి. 2001 సినిమాలో దీన్ని చాలాచోట్ల కెమెరాతోనే మోసం చేశారు, గాండాల్ఫ్‌ని కెమెరాకి దగ్గరగా, ఫ్రోడోని బాగా వెనక్కి కూర్చోబెట్టి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నట్టు చూపించడం, ఫోర్స్‌డ్ పర్‌స్పెక్టివ్ అంటాం. కెమెరా కదిలితే గుట్టు బయటపడిపోతుంది కాబట్టి కెమెరాతో పాటు బల్లా, దాని దగ్గర కూర్చున్న మనిషీ కూడా లెక్క ప్రకారం జరిగేలా రిగ్ కట్టారు. ఎంత తలనొప్పో ఆలోచించండి. కానీ దానివల్ల లాభం ఏంటంటే ఇద్దరు నటులూ ఒకే గదిలో, ఒకే లైటు కింద, ఒకరి గొంతు ఒకరు వింటూ చేశారు.

హాబిట్‌ని త్రీడీలో తీశారు. త్రీడీ కెమెరా మన రెండు కళ్లలాగా దూరాన్ని పట్టేస్తుంది, వెనక కూర్చున్నవాడు వెనకే ఉన్నాడని తెలిసిపోతుంది, పాత మోసం పారదు. దాంతో రెండు సెట్లు వేశారు. మరుగుజ్జులంతా ఒకదాంట్లో, గాండాల్ఫ్ వేసిన ఇయన్ మెక్‌కెలెన్ ఒక్కడే పక్కన పచ్చ తెరల గ్రీన్ సెట్‌లో, అక్కడి కెమెరా ఇక్కడి కెమెరా కదలికని స్కేలు మార్చి కాపీ కొడుతూ ఉంటుంది. ఆయన ముందు మరుగుజ్జుల ఫొటోలు స్టాండ్ల మీద పెట్టారు, ఎవరు మాట్లాడితే వాళ్ల దగ్గర లైటు వెలిగేది. అంత పెద్ద నటుడు, సెట్‌లో కన్నీళ్లు పెట్టుకున్నాడు, దీనికోసమా నేను నటుణ్ణయింది అనుకున్నానని తర్వాత ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ షాట్లు టెక్నికల్‌గా చూస్తే తప్పు పట్టడానికేం ఉండదు, అంచులు నీట్‌గా ఉంటాయి, సైజు కరెక్టుగా ఉంటుంది. చూపు మాత్రం ఎదుటి మనిషి మీద ఆగదు. మనకి పేరు పెట్టడం రాదు కానీ ఏదో తేడాగా ఉందని పట్టేస్తాం.

రెండోది 48 ఫ్రేములు. మామూలు సినిమా సెకనుకి 24, షట్టర్ సెకనులో 48వ వంతు సేపు తెరిచి ఉంటుంది, అందుకే ఊపిన చెయ్యి కొద్దిగా అలుక్కుపోయినట్టు పడుతుంది. ఆ అలుకుడు మా పాలిట దేవుడు, మేం చేసే అతుకులు సగం దాంట్లోనే కలిసిపోతాయి. హాబిట్‌కి 48 ఫ్రేములు, షట్టరేమో 64వ వంతు. ఇంట్లో నువ్వు చూసేది 24కి తగ్గించిన కాపీయే అయినా ప్రతి ఫ్రేమూ మామూలు కంటే కొంచెం గట్టి అంచుతోనే ఉంటుంది. విగ్గు, మేకప్, సెట్టు రంగు అన్నీ కనపడిపోతాయి. దానికితోడు ఆ కెమెరాలో ఎరుపు సరిగ్గా పడట్లేదని ముఖాలకి ఎర్రరంగు ఎక్కువ పూశారు, సెట్లకీ ముదురు రంగులు వేశారు, మేకింగ్ వీడియోల్లో వాళ్లే చూపించారు.

మూడోది, నా లెక్కలో అసలు కారణం, టైము. 2010లో గిల్యెర్మో డెల్ టోరో డైరెక్టర్‌గా తప్పుకున్నాడు, 2011 మార్చిలో జాక్సన్ షూటింగ్ మొదలెట్టేశాడు. మొదటి మూడింటికి ఏళ్ల తరబడి డిజైన్లు, స్టోరీబోర్డులు గీసుకుని కూర్చున్న మనిషికి ఈసారి ఆ టైమే లేదు. చివరి సినిమా డిస్కులో మేకింగ్ వీడియో ఉంటుంది, దాంట్లో ఆయనే ఒప్పుకుంటాడు, స్టోరీబోర్డు కూడా లేకుండా రోజుకి రోజు ఏం తియ్యాలో అక్కడికక్కడ ఆలోచించుకుంటూ తీశానని. ఐదు సైన్యాల యుద్ధం ఎలా తియ్యాలో తేలక ఆ భాగాన్ని 2013కి వాయిదా వేశారు. రెండు సినిమాలని మొదలెట్టి మూడు అని ప్రకటించింది 2012 జులై చివర్లో, మొదటి పార్టు రిలీజు డిసెంబర్‌లో! అజోగ్ అని తెల్ల ఓర్క్ (రాక్షసుడు) ఉంటాడు కదా, వాణ్ణి ముందు మేకప్ వేసిన నటుడితోనే తీశారు, నచ్చక లేటుగా మొత్తం సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) చేసేశారు.

మా దగ్గరా ఇంతే. ఒక పెద్ద ప్రాజెక్టులో రిలీజు దగ్గరపడ్డాక జంతువు డిజైన్ మార్చారు, అప్పటిదాకా చేసిన బొచ్చంతా చెత్తబుట్టలోకి, డేట్ మాత్రం మారలేదు. థియేటర్ నుంచి బయటికి వచ్చినవాళ్లు గ్రాఫిక్స్ బాలేవు అన్నారు. సరేలే.

పాతరీలు:

అమ్మో ఇంత ఉందా. థాంక్స్ బ్రో. మరి ఆ కోటలు ఎందుకు అంత నిజంగా ఉంటాయి, అది చెప్పలేదు.

రోటో_కూలీ:

మినియేచర్లు, అంటే చిన్న సైజులో కట్టిన నమూనాలు. పేరుకే మినియేచర్, హెల్మ్స్ డీప్‌ని నాలుగో వంతు స్కేలులో ఒకటి, 35వ వంతులో ఇంకోటి కట్టారు, మినాస్ తిరిత్ నగరం 72వ వంతు, అదే రెండంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. నిజం లైటు నిజం వస్తువు మీద పడుతుంది, అదొక లాభం, అది అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది ఏంటంటే మినియేచర్ దగ్గర కెమెరాకి అడ్డం ఉంటుంది. క్రేన్ ఎంతవరకు వెళ్తే అంతవరకే, గోడలోంచి దూరలేదు. ఆ అడ్డమే షాట్‌కి ఒక మర్యాద ఇస్తుంది. మొత్తం కంప్యూటర్లో కట్టాక కెమెరాకి పగ్గాలుండవు, గాబ్లిన్ల గుహలో చూడు, వంతెన మీద నుంచి జారుతూ దొర్లుతూ గిరగిరా తిరుగుతూ వాళ్లతో పాటే పడిపోతుంది. ఆ కెమెరా పట్టుకున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు అని నీ బుర్ర అడుగుతుంది, సమాధానం దొరకదు, అక్కడితో నమ్మకం పోతుంది.

వెన్నెల_వాకిలి:

రోటో గారు మిగతా సగం వేరేవాళ్లు చెప్తారన్నారు కదా, నేను ట్రై చేస్తా.

ప్రీక్వెల్ కష్టమంతా ఏమైపోతుందో ముందే తెలుసు అనేది కాదండి. మనకి ముందే తెలిసిన కథలు చూడ్డం కొత్తా? రాయబారం ఫెయిలవుతుందని తెలియకుండా ఎవరైనా కృష్ణుడి పద్యాలకి వన్స్ మోర్ కొట్టారా? బాహుబలి మొదటి పార్టు చివర్లో తండ్రి చచ్చిపోయాడని, ఎవరు చంపారో కూడా చెప్పేశారు, తర్వాత రెండేళ్లు జనం అడిగింది ఎందుకు అనే. అంటే 2017లో వచ్చిన రెండో పార్టులో పెద్ద భాగం ఒకరకంగా ప్రీక్వెలే, చచ్చిపోయేవాడి కథే మనం అరుస్తూ చూశాం. ఏం జరుగుతుంది అనే ప్రశ్న పోయినా ఎందుకు జరిగింది, ఎవరు ఎలా మారిపోయారు అనేవి మిగులుతాయి, ప్రీక్వెల్ బతకాలంటే వాటిమీదే బతకాలి.

ఇప్పుడు హాబిట్‌కి రండి. కథ లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కి 60 ఏళ్ల ముందు జరుగుతుంది. పుస్తకం 1937ది, పిల్లల కథ, 300 పేజీలు పైచిలుకు. అందులో లెగొలాస్ లేడు. సినిమాకోసం తెచ్చారు. 60 ఏళ్ల తర్వాత బతికే ఉంటాడని మనకి తెలుసు, అంటే ఈ యుద్ధంలో వాడికి చావు లేదు, పోనీ మనసులో పెద్ద మార్పు వస్తుందా అంటే పెద్దగా రాయలేదు. భయమూ లేదు, మార్పూ లేదు. మరి ఆ క్యారెక్టర్ సీనులో ఏం చేస్తాడు? ఫీట్లు చేస్తాడు. ఒక ఫీటు అయ్యాక దాని కంటే పెద్దది కావాలి, చివరికి పడిపోతున్న రాళ్ల మీద నడిచేదాకా వెళ్లింది. పాతరీలు గారూ, మీరు నవ్విన షాట్‌కి అసలు కారణం అదండి. రాయడం ఆగిపోయిన చోట గ్రాఫిక్స్ వాళ్లని పిలిచారు.

హాబిట్ మొదటి పార్టులోనే దీనికి సరిగ్గా ఉల్టా సీను ఉంది. ఉంగరం పిచ్చి పట్టిన గొల్లమ్ గుహ. హీరో బిల్బోకి ఏమీ కాదని తెలుసు, గొల్లమ్‌కీ ఏమీ కాదని తెలుసు, ఇద్దరూ తర్వాతి కథలో ఉన్నారు. అయినా మొత్తం మూడు పార్టుల్లో నాకు నచ్చిన సీను అదే. ఎందుకంటే అక్కడ ప్రశ్న ఎవరు బతుకుతారు అని కాదు, ఉంగరం పెట్టుకుని కనపడకుండా కత్తి పట్టుకుని వాడి పీక దగ్గర నిలబడ్డ బిల్బో పొడుస్తాడా వదిలేస్తాడా, ఆ వదిలెయ్యడంలో వాడు ఎలాంటివాడు అని. ఆ ముఖంలో కోపం జాలిగా మారేదాకా కెమెరా ఆగింది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చివర్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి ఆ జాలి ఇంకా బరువుగా తగులుతుంది, అంటే తర్వాతి కథ తెలిసి ఉండటం ఇక్కడ లాభమే అయింది.

రోటో_కూలీ:

మేడమ్, గొల్లమ్ సీనుకి నా వైపు నుంచి ఒక ముక్క కలపనివ్వండి. 2002లో గొల్లమ్ వేసిన ఆండీ సెర్కిస్ సెట్‌లో నటించి, తర్వాత మళ్లీ విడిగా మోషన్ క్యాప్చర్ (నటుడి కదలికల్ని కంప్యూటర్లోకి పట్టే పద్ధతి) స్టేజీ మీద అదే చెయ్యాల్సొచ్చేది, ముఖమైతే యానిమేటర్లు ఆయన్ని చూస్తూ చేత్తో చేశారు. హాబిట్ నాటికి సెట్‌లోనే బిల్బో వేసిన మార్టిన్ ఫ్రీమన్ ఎదురుగానే క్యాప్చర్ చేసే పద్ధతి వచ్చింది. షూటింగ్‌లో మొదట తీసిన సీను కూడా అదే. అంటే కొత్త టెక్నాలజీ ఇద్దరు నటుల్ని దగ్గరికి చేర్చిన చోట సీను పండింది, విడదీసిన చోట పాపం మెక్‌కెలెన్ ఫొటోలతో మాట్లాడుకున్నాడు. రెండూ ఒకే సినిమాలో!

జెడై_తాత:

ఇంతసేపూ హాబిట్ గోలేనా, ప్రీక్వెల్ అనే మాటకి చెడ్డపేరు తెచ్చిన ఘనత మా స్టార్ వార్స్‌ది. (అది సైన్స్ ఫిక్షన్ కదా అని ఎవడైనా వస్తాడు, కత్తులు, మాంత్రికులు, రాజకుమారి, శాపం తగిలిన తండ్రి, ఇంతకంటే ఫాంటసీ ఏం కావాలి.)

నాకు ఒళ్లుమండే మాట ఏంటంటే, అవన్నీ కంప్యూటర్ గ్రాఫిక్సే, అందుకే ప్లాస్టిక్‌లా ఉన్నాయి అనేది. 1999లో వచ్చిన మొదటి ప్రీక్వెల్ ఫాంటమ్ మెనేస్‌కి కట్టినన్ని మినియేచర్లు మామూలుగా లేవు. నబూ గ్రహంలో నగరం పక్కన జలపాతాలు గుర్తున్నాయా, అవి ఉప్పు! మినియేచర్ కొండ మీద నుంచి ఉప్పు పోసి తీశారు. పాడ్ రేస్ (ఎగిరే బళ్ల పోటీ) స్టేడియంలో దూరంగా కనపడే జనం, చెవుల్లో తిప్పుకునే దూది పుల్లలు, రంగులేసి లక్షల్లో గుచ్చారు, కింద నుంచి గాలి కొడితే కదిలేవి. 2005 సినిమాలో లావా గ్రహానికి ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం పేలినప్పుడు తీసిన నిజం ఫుటేజీ కలిపారు. అవన్నీ చూసి కూడా జనం సీజీ ఓవరైంది అన్నారు. అంటే కంటికి తెలిసి కాదు, బోరు కొట్టింది కాబట్టి అన్నారు. ఆ తమ్ముడు చెప్పిందే కరెక్టు!

ఇంకోటి, ముందు కాలం కథలో అన్నీ కొత్తగా మెరిసిపోతున్నాయేంటి అంటారు. పాత సినిమాల్లో సామ్రాజ్యం అంతా నలిపేసిన తర్వాతి ప్రపంచం, తుప్పు, దుమ్ము, అతుకులు. ప్రీక్వెల్ అంటే ఆ పతనానికి ముందు రోజులు, వెండిలా మెరిసే ఓడలు, పాలరాతి మేడలు. మూడో సినిమాకి వచ్చేసరికి ఓడలు ఒక్కోటీ పాత సినిమాల్లో వాటి పోలికలోకి వచ్చేస్తాయి, రంగులు చచ్చిపోతాయి. అది కథ చెప్పడం కాదా? డైలాగులు రాయడం రాలేదు, ఒప్పుకుంటా, ప్రేమ సీన్లు ఇప్పటికీ ఫాస్ట్ ఫార్వర్డ్. కానీ బొమ్మతో చెప్పిన కథ బలంగానే ఉంది.

రోటో_కూలీ:

తాతా, ఉప్పు జలపాతాలకి నా దండం, అది చూసే ఈ ఫీల్డులోకి వచ్చినవాళ్లు మాలో ఉన్నారు. కానీ మూడింటినీ ఒక గాటన కట్టకు. మొదటిది ఫిల్ముమీద తీశారు, 2002లో రెండోది పూర్తిగా డిజిటల్ కెమెరాతో, పెద్ద సినిమాల్లో అదే దాదాపు మొదటిది. క్లోన్ సైనికులకి ఒక్క కవచం కూడా నిజంగా తయారు చెయ్యలేదు, నటుడి తల తెచ్చి సీజీ ఒంటికి తగిలించారు, మెడ దగ్గర చూడు. సెట్టు కొంచెమే కట్టి మిగతాదంతా బ్లూ స్క్రీన్ అయ్యేసరికి ఏమైంది, మాట్లాడుకునే సీనంటే ఇద్దరు నడుస్తారు, ఆగుతారు, సోఫాలో కూర్చుంటారు. తలుపు గట్టిగా వెయ్యడానికి తలుపు ఉండదు, గ్లాసు పక్కన పెట్టడానికి బల్ల ఉండదు. ఆ ప్రేమ సీన్లు బోరు కొట్టడానికి డైలాగు ఎంత కారణమో చేతికి ఏ వస్తువూ దొరక్కపోవడమూ అంతే కారణం అని నా ఫీలింగ్.

జెడై_తాత:

తలుపు పాయింటు బాగుంది రా అబ్బాయ్. కాదనను. కానీ ప్రేమ సీన్లకి తలుపు పెట్టినా లాభం లేదు.

మూడోకన్ను:

స్టార్ వార్స్‌లోనే రోగ్ వన్ గురించి ఎవరూ ఎత్తరేం? 2016. నా దృష్టిలో ప్రీక్వెల్ అంటే అదీ.

వెన్నెల_వాకిలి:

నేను రాద్దామనుకుంటున్నా, మీరు ఎత్తారు. ఆ కథ ఐడియా ఇచ్చింది జాన్ నోల్, రైటర్ కాదు, విజువల్ ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమా మొదట్లో తెర మీద పైకి వెళ్లే అక్షరాల్లో గూఢచారులు శత్రువు ఆయుధం ప్లాన్లు దొంగిలించారు అని ఒక వాక్యం ఉంటుంది, ఆ దొంగతనం చేసినవాళ్లు ఎవరు, ఏమైపోయారు అనేదే మొత్తం సినిమా. వాళ్ల పేర్లు తర్వాతి కథలో ఎక్కడా లేవు, కాబట్టి రాసేవాళ్ల చేతులు కట్టేసి లేవు. ఎంతవరకు వెళ్లాలో అంతవరకు వెళ్లారు, అందరూ చచ్చిపోతారు. లెగొలాస్‌కి లేని స్వేచ్ఛ వీళ్లకి ఉంది. అందుకే బీచ్‌లో అంత పెద్ద యుద్ధం జరుగుతున్నా గ్రాఫిక్స్ మీదికి ధ్యాస పోదు, మనుషుల వెనకే పరిగెడతాం.

పాతరీలు:

కానీ దాంట్లో ఆ చనిపోయిన ముసలాయన్ని తీసుకొచ్చారు కదా గ్రాఫిక్స్‌తో, నాకు ఆ సీన్లు వచ్చినప్పుడల్లా వెన్నులో ఏదోలా అయ్యింది.

రోటో_కూలీ:

టార్కిన్ అనే విలన్ పాత్ర. పాత సినిమాలో అది వేసిన పీటర్ కుషింగ్ 1994లోనే పోయారు. గై హెన్రీ అనే నటుడు తలకి కెమెరాలు తగిలించుకుని నటిస్తే దానిమీద కుషింగ్ ముఖం కట్టారు, 1984లో ఏదో కామెడీ సినిమా కోసం ఆయన ముఖానికి తీసిన అచ్చు దొరికితే దాన్ని స్కాన్ చేశారు. పనితనం పరంగా 2016కి అది కొండెక్కడమే. కానీ నాకూ మీలాగే అయ్యింది. చిన్న పాత్రగా నీడలో ఉంటే సరిపోయేది, వెలుతురులో నిలబెట్టి పేజీలకి పేజీలు మాట్లాడించారు. ఒక మనిషి నోటి చుట్టూ కండరాలు ఎలా కదులుతాయో మనం పుట్టినప్పట్నుంచి చూస్తున్నాం, డ్రాగన్ తప్పు చేస్తే పట్టుకోలేం కానీ నోరు తప్పు చేస్తే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు.

ఇదే సినిమాలో ఇంకో పని చేశారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివరి అంతరిక్ష యుద్ధంలో ఇద్దరు పైలట్ లీడర్లు కనిపిస్తారు, 1977 సినిమా కోసం తీసి వాడకుండా మిగిలిన షాట్లు వెతికి పట్టుకుని, శుభ్రం చేసి, కొత్త యుద్ధంలో అతికించారు. కొన్ని సెకన్లే. ఒక్కడు కూడా వెన్నులో ఏదోలా అయ్యింది అనలేదు.

మూడోకన్ను:

నాకైతే టార్కిన్ గ్రాఫిక్స్ అని మొదటిసారి తెలియనే తెలియదు, ఎవరో పొడుగు ముసలాయన బానే చేశాడు అనుకున్నా. పాత సినిమా చూడకుండా వెళ్లా మరి.

జెడై_తాత:

పాత సినిమా చూడకుండా రోగ్ వన్‌కి వెళ్లినవాడికి ఈ దారంలో మాట్లాడే హక్కు లేదు, బల్లెక్కి నిలబడు.

వెన్నెల_వాకిలి:

లేదండి తాతగారూ, ఆయన చెప్పింది ముఖ్యమే. పాత ముఖం గుర్తున్నవాళ్లే పోల్చి చూస్తారు, గుర్తులేనివాళ్లకి అదొక నటుడంతే. ప్రీక్వెల్‌కి ఎప్పుడూ ఇలా రెండు రకాల ప్రేక్షకులుంటారు, గ్రాఫిక్స్ టీమ్ ఏమో మొదటిరకం వాళ్లని మెప్పించడానికే చచ్చిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, అసలు పాత పద్ధతిని వదలకపోవడం. డార్క్ క్రిస్టల్ 1982లో జిమ్ హెన్సన్, ఫ్రాంక్ ఆజ్ కలిసి మొత్తం తోలుబొమ్మల లాంటి పప్పెట్లతో తీసిన సినిమా. 2019లో దానికి ప్రీక్వెల్ సిరీస్ వచ్చింది, పది ఎపిసోడ్లు. అందులోనూ పాత్రలు పప్పెట్లే, వెనకున్న ఆకాశం, దూరంగా కొండలు, నాలుక కదలడం, ఇలాంటి చిన్నచిన్నవి సీజీ. అందుకే 1982దీ 2019దీ పక్కపక్కన పెట్టినా ఒకే ప్రపంచంలా ఉంటుంది. కథ కూడా పాడైపోయిన ప్రపంచం ఎలా పాడైందో చెప్పేదే. ఒక్క సీజన్‌తో ఆపేశారు, ఆ బాధ నాకింకా పోలేదు.

పాతరీలు:

తమ్ముడికి ఈ దారం చూపించా. చదివి ఒకటే అన్నాడు, మరి స్మాగ్ సంగతేంటి? ఆ డ్రాగన్ ఒళ్లంతా సీజీ, ఏ మినియేచరూ లేదు, ఎదురుగా నటుడు లేడు, అయినా అదరగొట్టింది కదా, మీ రోటో_కూలీ థియరీ అక్కడ ఏమైంది అంటున్నాడు.

రోటో_కూలీ:

తమ్ముడు గట్టివాడే. స్మాగ్ కోసం బెనెడిక్ట్ కంబర్‌బాచ్ గొంతే కాదు, మోషన్ క్యాప్చర్ సూటు వేసుకుని నేల మీద పాకుతూ నటించాడు, యానిమేటర్లకి పట్టుకోవడానికి ఒక మనిషి దొరికాడు. డిజైన్ కూడా ఆఖరుదాకా నలుగుతూనే ఉంది, మొదటి సినిమా థియేటర్ కాపీలో డ్రాగన్‌కి ముందు కాళ్లు వేరుగా ఉంటాయి, రెండో సినిమాకి రెక్కలే ముందు కాళ్లయిపోయాయి, తర్వాత మొదటిదాని ఎక్స్‌టెండెడ్ కాపీలో దానికి తగ్గట్టు సర్దేశారు. తేదీ తరుముతున్నా టైము ఇస్తే ఎలా వస్తుందో స్మాగ్ చూపిస్తుంది.

కానీ తమ్ముణ్ణి ఒకటి అడుగు. అదరగొట్టింది అంటున్నది ఏ సీను? బంగారం గుట్టల మీద బిల్బోతో మాట్లాడే సీను అయ్యుంటుంది. డ్రాగన్ కదిలేది తక్కువ, నాణేలు జారడం, ఒక కన్ను తెరుచుకోవడం, పొగడ్తకి పడిపోవడం, అనుమానపడటం. దాని తర్వాత మరుగుజ్జులు కొలిమి వెలిగించి, బంగారం కరిగించి, అంతెత్తు బంగారు విగ్రహం పోసి డ్రాగన్ మీద కూల్చే పెద్ద సీను ఉంటుంది. పుస్తకంలో లేదు. అంత ద్రవం సిమ్యులేట్ చెయ్యడం మాటలు కాదు, నాలాంటివాళ్లు ఎందరో రాత్రులు కూర్చుని ఉంటారు. ఫలితం? డ్రాగన్ దులుపుకుని ఎగిరిపోతుంది, ఒక్క మరుగుజ్జుకీ చుక్క బంగారం అంటదు, చావాల్సినవాళ్లంతా మూడో సినిమాలో చావాలి కాబట్టి. రెండు సీన్లలోనూ అదే డ్రాగన్, అదే టీమ్, అదే సాఫ్ట్‌వేర్. రెండోది వచ్చినప్పుడు తమ్ముడు ఫోన్ చూసుకున్నాడో లేదో గుర్తుందేమో అడుగు.

పాతరీలు:

అడిగా. ఫోన్ చూసుకోలేదంట, పాప్‌కార్న్ తెచ్చుకోడానికి లేచాడంట.